ముక్కు వెడల్పు వేరు, రెక్క మందం వేరు: శస్త్రచికిత్సకు ముందు తేల్చుకోవలసిన సంగతులు

విజయవాడ సూర్యారావుపేటలోగాని, గుంటూరు కొత్తపేటలోగాని ప్లాస్టిక్ సర్జన్ గది బయట వేచి ఉన్నవారిలో ముక్కు కోసం వచ్చినవారు చెప్పుకునే మాట దాదాపు ఒకటే: "ముక్కు లావుగా ఉందండి, సన్నగా చేయాలి." తెలుగులో లావు అన్న మాట వెడల్పుకూ చెల్లుతుంది, మందానికీ చెల్లుతుంది, మొత్తం పరిమాణానికీ చెల్లుతుంది. ఇంట్లో మాట్లాడుకోవడానికి అది చాలు. కత్తి పట్టుకున్న వైద్యుడికి మాత్రం అది చాలదు, ఎందుకంటే ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు లోపాలు కలిసిపోయి ఉంటాయి, వాటికి చేసే శస్త్రచికిత్సలూ వేర్వేరు. ఏది ఏదో తేల్చుకోకుండా బల్ల ఎక్కినవారు, ఆపరేషన్ సక్రమంగా జరిగిన తర్వాత కూడా, అద్దంలో తమకు నచ్చనిది అలాగే ఉండిపోయిందని బాధపడుతుంటారు. ముక్కు రెక్కల, అంటే పుటాలకు బయటివైపున ఉండే మెత్తని గోడల, మందం గురించి తెలుసుకోవలసిన మొదటి సంగతి ఇదే కనుక ముందుగా రెక్క నిర్మాణం దగ్గర ఆగడం అవసరం.

బొటనవేలిని ముక్కుపుటంలో కొద్దిగా ఉంచి, చూపుడువేలిని బయట ఆనించి రెక్కను సుతారంగా నొక్కి చూస్తే అది చెవి తమ్మెలా మెత్తగా తగులుతుంది. ముక్కు కొస దగ్గర వేలికి గట్టిగా తగిలే మృదులాస్థి రెక్క అంచుదాకా దిగదు. అది కొసనుంచి బయలుదేరి పక్కకు, పైకి, కంటి మూలవైపు వాలిపోతుంది. అందువల్ల రెక్క కింది భాగంలో ఎముకా ఉండదు, మృదులాస్థీ ఉండదు. బయట నూనె గ్రంథులు దట్టంగా ఉన్న చర్మం, లోపల పుటం గోడను కప్పే మరో చర్మపు పొర, ఆ రెంటి నడుమ కొవ్వూ పీచు కణజాలమూ కలిసిన పదార్థం, అందులోనే పుటాన్ని విప్పే, ముడిచే చిన్న కండరాలు ఉంటాయి. దూలం, కొస సన్నబరచేటప్పుడు వైద్యుడు ఎముకనూ మృదులాస్థినీ చెక్కి ఆకారం మారుస్తాడు. రెక్క దగ్గర చెక్కడానికి అలాంటి చట్రమేదీ లేదు. అక్కడ తీయగలిగిందల్లా చర్మం, కొవ్వు మాత్రమే. పైగా గాలి పీల్చినప్పుడు పుటం లోపలికి కుంగిపోకుండా నిలబెట్టేది కూడా చాలావరకు ఆ మందమే.

ఇక ఆ మూడు లోపాల సంగతి. మొదటిది రెక్కల మొదళ్ల మధ్య దూరం, అంటే బుగ్గకు రెక్క అతికే చోట ఎడమనుంచి కుడికి ఉండే వెడల్పు. రెండోది రెక్క మొదలు సరిగానే ఉన్నా మధ్యభాగం విల్లులా బయటికి ఉబ్బి ఉండడం. మూడోది ఈ రెంటితో సంబంధం లేకుండా రెక్క గోడ తానే దళసరిగా ఉండడం, పక్కనుంచి చూస్తే అంచు ఉబ్బెత్తుగా కనిపించడం, తల వెనక్కి వాల్చి కిందినుంచి చూస్తే పుటం రంధ్రం కన్నా దాని చుట్టూ ఉన్న గోడే ఎక్కువ చోటు ఆక్రమించి ఉండడం. చాలామందిలో ఈ మూడూ వేర్వేరు పాళ్లలో కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూపేది ఎదురుగా తీసిన ఫోటో కాదు, కిందినుంచి తీసిన ఫోటో. మంచి వైద్యుడు ఎదురుగా, రెండు ప్రక్కలనుంచి, రెండు ఏటవాలు కోణాలనుంచి, కిందినుంచి ఫోటోలు తీయిస్తాడు, నవ్వమని కూడా అడుగుతాడు. నవ్వినప్పుడు మాత్రమే రెక్కలు విచ్చుకునేవారికి అసలు సమస్య కండరంలో ఉన్నట్టు. అటువంటివారిలో కొందరికి, కండరాన్ని తాత్కాలికంగా సడలించే బొటాక్స్ సూది మూడు నాలుగు నెలల పాటు పని చేస్తుంది, ఆ తర్వాత తన ప్రభావం పోగొట్టుకుంటుంది.

మొదటి రెండు లోపాలకు ఉన్న శస్త్రచికిత్స పాతది, బాగా నలిగినది. న్యూయార్క్ సర్జన్ రాబర్ట్ ఫుల్టన్ వియర్ 1892లో రెక్క మొదట్లో అర్ధచంద్రాకారపు ముక్క తీసి కుట్టే పద్ధతిని వర్ణించాడు. నేటికీ ఆ కోతకు ఆయన పేరే వాడుకలో ఉంది. ఉబ్బు తగ్గించాలంటే రెక్క బుగ్గను కలిసే మడత దగ్గర ముక్క తీస్తారు, మొదళ్లను దగ్గరికి తేవాలంటే పుటం గడపనుంచి, అంటే రంధ్రపు అడుగు అంచునుంచి తీస్తారు, రెండూ కావాలంటే కోతను రెండింటి మీదుగా సాగిస్తారు. ఒక్కో వైపు తీసేది సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్లు. లిగ్నోకైన్, అడ్రినలిన్ కలిపిన సూదిమందుతో ఆ చోటు వరకే మత్తు ఇచ్చి గంటలోపు ముగించవచ్చు. దీన్నే మన ఆసుపత్రులలో ఆలార్ బేస్ రిడక్షన్ అంటారు, ముక్కు సన్నబరచడం పేరుతో ఎక్కువగా చేసేదీ ఇదే. అయితే గోడలోంచి నిలువునా ఒక ముక్క తీసి మిగిలిన రెండు అంచులను కలిపితే గోడ పొడవు తగ్గుతుంది, దాని మందం ఎప్పటిలాగే ఉంటుంది. దళసరి రెక్క ఉన్న మనిషికి ఈ ఒక్క పని చేస్తే పుటం మరింత ఇరుకై, మునుపటి మందపు గోడ ఇంకా కొట్టొచ్చినట్టు కనబడే ప్రమాదం ఉంది. మందం గురించి ఫిర్యాదు చేసి వెడల్పుకు చికిత్స పొందడం అంటే ఇదే.

మందాన్నే తగ్గించే పనిని ఆలార్ రిమ్ థిన్నింగ్ అంటారు. దీన్ని చేసేవారు తక్కువ, తగినవారూ తక్కువే. ఒక పద్ధతిలో రెక్క అంచు పొడవునా, బయటి చర్మానికీ లోపలి పొరకూ మధ్య, ధాన్యపు గింజ ఆకారంలో సన్నని పట్టీ తీసి రెండు అంచులనూ అతి సన్నని దారంతో కలుపుతారు. అంచు పలచబడడం వెంటనే తెలుస్తుంది గాని మచ్చ సరిగ్గా అంచు మీదే పడుతుంది, దాన్ని దాచడానికి అక్కడ మడతేదీ లేదు. ఇంకొక పద్ధతిలో గాటును అంచుకు కాస్త లోపలగా పెట్టి, లోపలి పొరను లేపి, నడుమనున్న కొవ్వునూ పీచునూ కొద్దికొద్దిగా కత్తిరించి, పొరను తిరిగి పరిచి కుడతారు. మచ్చ పైకి కనబడదు. కానీ మధ్యలో ఏర్పడిన ఖాళీలో రక్తం చేరితే అది గట్టిపడి, సన్నబడవలసిన రెక్క మళ్లీ దళసరి కావచ్చు. అందుకే రెక్కలో ఇటునుంచి అటుకు దిగేలా కుట్లు వేసి రెండు పొరలనూ అదిమి ఉంచుతారు, కొందరు లోపలా బయటా చిన్న పలకలు కూడా కొన్ని రోజులు కట్టి ఉంచుతారు. రెక్క కిందికి వేలాడినట్టున్నవారికి లోపలి పొరలోంచి కూడా కొంత తీసి అంచును పైకి మడిచే మార్గం ఉంది.

ఈ పద్ధతులన్నిటా లెక్క మిల్లీమీటర్లలో నడుస్తుంది. బయటి చర్మం సహజంగానే మందమైతే దాన్ని లోపలినుంచి ఎంత పలచబరచినా ఒక హద్దు ఉంటుంది, ఎందుకంటే చర్మానికి రక్తం అందించే సన్నని నాళాల వల ఆ కింది పొరలోనే ఉంటుంది. దాన్ని దాటి గీకితే చర్మం నల్లబడి చచ్చే ప్రమాదం ఉంది. ఎక్కువ తీసినప్పుడు కనిపించే ఇతర వికృతులు కూడా ఉన్నాయి: అంచు మధ్యలో నొక్కు పడుతుంది, లేదా మచ్చ ముడుచుకుంటూ అంచును పైకి లాగి పుటం లోపలి భాగం పక్కనుంచే కనబడేలా చేస్తుంది. ముక్కు కొసను కూడా అదే రోజు తెరచి సరిచేస్తున్నప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి. కొసకు వచ్చే ప్రధాన రక్తనాళం రెక్క మడతకు 2, 3 మిల్లీమీటర్ల పైన మాత్రమే సాగుతుంది, కనుక రెక్క దగ్గరి కోత ఆ గీత దాటి పైకి పోకూడదు. అనుభవజ్ఞులు రెక్కల పనిని చివరికి వదిలేయడానికి మరొక కారణం ఉంది. కొసను ముందుకు నిలబెడితే రెక్కల ఉబ్బు దానంతట అదే కొంత తగ్గుతుంది, కొసను వెనక్కి దించితే అదే పెరుగుతుంది. మొదట రెక్కలు కోసి తర్వాత కొస ముట్టుకున్నవారి లెక్క తప్పుతుంది.

తీసినది తక్కువైతే ఏడాది తర్వాత మరికొంత తీయవచ్చు. ఎక్కువైతే తిరిగి పెట్టడం చాలా కష్టం. ఇరుకైపోయిన పుటాన్ని విప్పడానికి చెవినుంచి చర్మమూ మృదులాస్థీ కలిసిన చిన్న ముక్క తెచ్చి అతకాలి, అది పట్టుకుంటుందన్న హామీ లేదు, పట్టుకున్నా రంగులో, నునుపులో తేడా ఉండవచ్చు. రోగి ఎంత అడిగినా "మొదటి సారికి ఇంతే" అని ఆగే వైద్యుడిని పిరికివాడనుకోవడం తప్పు. ఈ ఒక్క విషయంలో పిసినారితనమే నేర్పు.

ఊపిరి సంగతి తరచుగా ఫోటోల మాటున మరుగున పడుతుంది. కాబట్టి ఆపరేషన్ అనుకునేవారు ముందుగా ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఒక పుటం మూసి, రెండో దానితో గాఢంగా గాలి లాగుతూ అద్దంలో రెక్కను గమనించాలి. రెక్క లోపలికి లాగుకుపోతుంటే, లేదా రెండు పుటాల నడుమ ఉండే అడ్డుగోడ వంకరగా ఉండి ఎప్పుడూ ఒకవైపు బిగదీసినట్టుంటే, రెక్కను ఇంకా పలచబరచడం ఆ శ్వాసను మరింత దెబ్బ తీస్తుంది. అటువంటివారు ముందు ముక్కు, చెవి, గొంతు వైద్యుడి దగ్గర లోపలి పరీక్ష చేయించుకున్నాకే అందం మాట ఎత్తాలి.

మచ్చ విషయం మన చర్మానికి మరింత ముఖ్యం. గోధుమ రంగు, చామనఛాయ చర్మం మీద గాయం మానేటప్పుడు నల్లమచ్చ మిగలడం, కొందరికి మచ్చ ఉబ్బి గట్టిపడడం, ఇంకొందరికి గాయం హద్దు దాటి పెరిగే కీలాయిడ్ రావడం తెలిసినదే. ఈ స్వభావం ఎవరికి ఉందో ముందుగా ఊహించడానికి మన ఇళ్లలో రెండు సాక్ష్యాలు సిద్ధంగా ఉంటాయి. ఒకటి ఎడమ భుజం మీది బీసీజీ టీకా మచ్చ. అది చదునుగా కాక ఉబ్బి, మెరుస్తూ, దురద పెడుతుంటే వైద్యుడికి చెప్పాలి. రెండోది చెవులూ ముక్కూ కుట్టించిన చోటు. ముక్కుపుడక పెట్టించుకున్నప్పుడు రంధ్రం చుట్టూ బుడిపె లేచి కొన్ని నెలలు వేధించిందా, చెవి తమ్మెకు గోళీకాయలాంటి గడ్డ వచ్చి తీయించారా అన్న ప్రశ్నలకు జవాబు తల్లికే బాగా గుర్తుంటుంది. ముక్కుపుడక చుట్టూ లేచే ప్రతి బుడిపె కీలాయిడ్ కాదు, చాలావరకు నగ రాపిడికి, సూక్ష్మక్రిములకు వచ్చిన వాపే. అయినా ఆ కబురు వైద్యుడి చెవిని పడవలసిందే.

ముక్కుపుడకకు ఈ శస్త్రచికిత్సతో నేరుగా కూడా సంబంధం ఉంది. కృష్ణా, గుంటూరు ప్రాంతాల పాతతరం స్త్రీలలో రెండు రెక్కలకూ కుట్టించుకున్నవారు ఇప్పటికీ కనిపిస్తారు, ఈ తరంలో ఒక వైపే ఎక్కువ. ఆ రంధ్రం సరిగ్గా పలచబరచవలసిన గోడను ఇటునుంచి అటుకు దాటి ఉంటుంది. లోపలి పొరను లేపేటప్పుడు అది ఆ రంధ్రం దగ్గర చిరగవచ్చు. అంచును ముడిచి కుట్టినప్పుడు రంధ్రం జరిగి, రాయి ఇంతకుముందు కూర్చున్న చోట కూర్చోకపోవచ్చు. కనుక పుడకను వైద్యుడు చెప్పినన్ని రోజుల ముందే తీసివేయడం, రంధ్రం ఎక్కడుందో ఫోటోలో గుర్తుపెట్టించడం, తర్వాత మళ్లీ ఎప్పుడు పెట్టుకోవచ్చో ఆయననే అడగడం మంచిది. రంధ్రం మూసుకుపోతుందన్న భయంతో పచ్చి గాయంలో వేపపుల్ల దూర్చడం వంటివి ఎంతమాత్రం పనికిరావు. కావాలంటే రెక్క పూర్తిగా మానాక కొత్తగా కుట్టించుకోవచ్చు.

ఇంత సూక్ష్మమైన పనికి ఇంతమంది ఎందుకు సిద్ధపడుతున్నారన్నది వేరే ప్రశ్న, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఎడమ కంటి లోపలి మూలనుంచి కుడి కంటి లోపలి మూలదాకా ఎంత దూరం ఉంటే రెక్కల మధ్య కూడా అంతే ఉండాలన్న కొలతను సర్జన్లు నేర్చుకుంటారు. యూరప్ చిత్రకారులు, శిల్పులు వాడిన నిష్పత్తుల నుంచి అది వచ్చింది. మన ప్రాంతంలో చాలామంది ముక్కు ఆ గీతకు కాస్త అటూ ఇటూ దాటే ఉంటుంది, అందులో లోపమేమీ లేదు. 2017లో పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వేర్వేరు జనసమూహాల ముక్కులను కొలిచి, పుటాల వెడల్పుకూ పూర్వీకులు బతికిన చోటి వేడికీ తేమకూ సంబంధం ఉందని చూపారు. వేడి, తేమ ఉన్న తీరప్రాంతపు గాలిని ముక్కు పెద్దగా వేడి చేయవలసిన, తడపవలసిన అవసరం లేదు.

ముక్కు కొలతకు మరో చరిత్ర కూడా అంటుకుని ఉంది. 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిజ్లీ, ఒక కులం సాంఘిక హోదా ఆ కులంవారి ముక్కు వెడల్పుకు విలోమంగా ఉంటుందని వాదించాడు. గుంటూరు, కృష్ణా ప్రాంతాలు భాగమైన మద్రాసు ప్రెసిడెన్సీలో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ కొలత పనిముట్లతో కులాలవారీగా ముక్కులు కొలిచాడు. ఆ సిద్ధాంతాలను విజ్ఞానశాస్త్రం ఎప్పుడో తోసిపుచ్చింది. సంపెంగ ముక్కు, కోటేరేసిన ముక్కు అని మనం పొగడే తీరులోనూ, పెళ్లిచూపుల్లో "ముక్కు కాస్త బండగా ఉంది" అని పెదవి విరిచే తీరులోనూ మాత్రం ఆ పాత తూకం బరువు ఇంకా మిగిలే ఉంది. ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి బల్ల ఎక్కేముందు, ఆ కోరిక తనదో, పెద్దలదో, అవతలి ఇంటివారిదో తెలుసుకోవడానికి వైద్యుడు ఆమెతో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడడం అందుకే అవసరం.

ఫోన్ కెమెరా కూడా ఈ అసంతృప్తికి ఒక కారణం. చేతి దూరంలో పట్టుకున్న ఫోన్‌కు ముఖంలో అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ముక్కే. 2018లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం, 12 అంగుళాల దూరంనుంచి తీసిన సెల్ఫీలో ముక్కు వెడల్పు 5 అడుగుల దూరంనుంచి తీసిన ఫోటోతో పోలిస్తే సుమారు 30 శాతం ఎక్కువగా కనబడుతుందని లెక్కగట్టింది. సెల్ఫీ చూసి వచ్చినవారికి ఐదడుగుల దూరంనుంచి తీసిన ఫోటో చూపిస్తే కొందరి ఆలోచన అక్కడే మారిపోవచ్చు.

మందం పుట్టుకతో వచ్చినది కాక పెద్దయ్యాక కొత్తగా పెరుగుతుంటే అది అందం సమస్య కానే కాదు. ముఖచర్మం ఎర్రబారే రోజేషియా వ్యాధి ముదిరి, ముక్కు ఉబ్బి గడ్డలుకట్టే రైనోఫైమా కావడం, కుష్ఠు, పుటాల చుట్టూ గట్టిగా పెరిగే రైనోస్క్లీరోమా అనే సూక్ష్మక్రిమి వ్యాధి, ఎదుగుదల హార్మోను అతిగా ఊరడం, ఇవన్నీ రెక్కలను లావు చేయగలవు. ముందు చర్మవైద్యుడు చూడాలి. గర్భిణులకు ముక్కు కొద్దిగా ఉబ్బినట్టు కనిపించడం కాన్పు తర్వాత తగ్గిపోతుంది. ఇక ఆన్‌లైన్లో అమ్మే ప్లాస్టిక్ క్లిప్పులు, మర్దనా పద్ధతులు, క్రీములు రెక్క మందాన్ని తగ్గించవు. క్లిప్పు ఎక్కువసేపు బిగించి ఉంచితే చర్మం పుండు పడవచ్చు.

ఎవరి దగ్గర చేయించుకోవాలన్నదానికి సులువైన కొలమానం ఉంది. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గాని డీఎన్‌బీ (ఇప్పటి డీఆర్‌ఎన్‌బీ) గాని అనే ఉన్నత వైద్య పట్టా పొందినవారు, లేదా ముక్కు ఆకృతి శస్త్రచికిత్సలో శిక్షణ పొందిన ఈఎన్‌టీ సర్జన్లు ఈ పని చేయాలి. వారి రిజిస్ట్రేషన్‌ను రాష్ట్ర వైద్యమండలిలో సరిచూసుకోవచ్చు. బ్యూటీ పార్లర్ బోర్డు కింద, ఆపరేషన్ థియేటర్ లేని గదిలో చేయించుకోకూడదు. వైద్యుడిని అడగవలసిన ప్రశ్న "ఎన్ని ముక్కులు చేశారు" అన్నది కాదు. "నాకున్నది వెడల్పా, ఉబ్బా, మందమా? వాటిలో ఏది మారుతుంది, ఏది మారదు?" అని అడగాలి, ఫోటో మీద గీసి చూపించమనాలి. డబ్బు లెక్కలో ఒక అంశం చాలామందికి చివరి బిల్లులోగాని తెలియదు. మామూలు వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉన్నా, అందం కోసమే చేసే శస్త్రచికిత్సకు ఆ మినహాయింపు లేదు, 18 శాతం పడుతుంది. ఆరోగ్య బీమా కూడా దీనికి చెల్లించదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తర్వాత ముక్కును పునర్నిర్మించడం వేరే లెక్కలోకి వస్తుంది.

చేయించుకోవాలని నిశ్చయించుకున్నవారికి కాలం ఎంచుకోవడం కూడా చికిత్సలో భాగమే. కుట్లు 5 నుంచి 7 రోజులలో తీస్తారు. ఆ వారం ముక్కు చీదకూడదు, పుటంలో వేలు పెట్టకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, గాటు మీద మందు ఆరిపోకుండా పూస్తూ ఉండాలి. గుంటూరులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డు పరిసరాలలో ఘాటు గాలిలోనే ఉంటుంది. యార్డులోనో, కోల్డ్ స్టోరేజీలోనో, కారం మిల్లులోనో పని చేసేవారు, ఆ దారిన రోజూ తిరిగేవారు కొత్త కుట్లతో తుమ్ములు ఆపుకోవడం జరిగే పని కాదు. ఆ తర్వాత వచ్చేది 40 డిగ్రీలు దాటే ఎండ. ఎర్రగా ఉన్న కొత్త మచ్చ మీద ఎండ పడితే నల్లబడుతుంది, చెమటకు సన్‌స్క్రీన్ నిలవదు. పొగతాగేవారు అంతకు కొన్ని వారాల ముందే మానాలి, ఆస్పిరిన్ వంటి మందులు వాడేవారు వైద్యుడితో మాట్లాడకుండా ఆపనూ కూడదు, దాచనూ కూడదు.

పెళ్లి కుదిరాక నెల రోజుల గడువుతో వచ్చేవారిని వెనక్కి పంపడమే మంచి వైద్యుడి పని. దళసరి చర్మంలో వాపు మెల్లగా దిగుతుంది, మచ్చ పండి రంగు కలిసిపోవడానికి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది, తుది ఆకారం అప్పుడే తెలుస్తుంది. మాఘమాసపు ముహూర్తం అనుకునేవారికి తగిన సమయం అంతకుముందు ఆషాఢం. అప్పటికి మిర్చి సీజన్ ముగుస్తుంది, ఎండ తగ్గి మబ్బు పడుతుంది, శుభకార్యాలు ఎలాగూ ఉండవు కనుక పది రోజులు ఇంట్లో ఉన్నా ఎవరూ ఎందుకని అడగరు. పెళ్లినాటికి ఏడు నెలలు గడుస్తాయి. ముక్కుపుడక పెట్టుకోవచ్చో లేదో అప్పటికి వైద్యుడు ఒకసారి చూసి చెప్పగలడు.